కదలకుండా ఇరవై నిమిషాలు

ఆస్ట్రియాలోని బాడ్ గాస్టైన్ ఊళ్లో నాకు స్నానాల పని నేర్పిన ఫ్రావ్ బాడెమైస్టర్ పోయారని ఆవిడ మనవరాలు వాట్సాప్‌లో కబురు పెట్టింది. తొంభై దాటిన మనిషి, నిద్రలోనే వెళ్లిపోయారట. ఆ మెసేజ్ చివర్లో ఊళ్లోని పాత స్నానాల కోట గురించి ఇంకో మాట ఉంది. "మన బాడెష్లాస్ మళ్లీ తెరిచారు, మీకు తెలుసా? బామ్మని చక్రాల కుర్చీలో తీసుకెళ్లి చూపించాం. చాలా సేపు చూసింది."

ఆ తర్వాత కొన్ని రోజులు నాకు వేరే ధ్యాస లేదు. ఏ పని చేస్తున్నా ఆవిడ దగ్గర నేను పనిచేసిన ఆ హోటల్ నేలమాళిగ గుర్తొచ్చేది. తడి చెక్క, గంజి పెట్టిన తెల్ల దుప్పట్లు, కొండ దేవదారు నూనె కలిసిన వాసన. అసలు గాస్టైన్ ఊటనీటికి వాసనే లేదు. గంధకం ఉండే ఊటల దగ్గర ముక్కు మూసుకోవాల్సి వస్తుంది, ఇక్కడ అలాంటిదేమీ ఉండదు. నీళ్లు గాజులా ఉంటాయి. వాసనంతా ఆ నీళ్ల చుట్టూ పనిచేసే మనుషులది, వాళ్ల సబ్బులది, వాళ్ల బట్టలది.

నేను హైదరాబాదులో హోటల్ మేనేజ్‌మెంట్ చదివి, స్కాలర్‌షిప్ మీద ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్‌కు కోర్సు కోసం వెళ్లాను. ఎనభైల నాటి మాట. ప్రాక్టికల్ ట్రైనింగుకు తోటివాళ్లని ఇన్స్‌బ్రుక్, వియన్నా లాంటి పెద్ద ఊళ్లకు వేశారు. నన్ను బాడ్ గాస్టైన్‌లో ఒక పాత స్నానాల హోటల్‌కు పంపారు. రైలు దిగేసరికి సాయంత్రం. చుట్టూ మంచు, చెవుల నిండా ఒక హోరు. వాన పడుతోందేమో అనుకుని గొడుగు తీశాను. అది జలపాతం.

ఆ ఊరు కొండవాలుకు అతుక్కుని ఉంటుంది, వెయ్యి మీటర్ల ఎత్తులో. గాస్టైనర్ ఆహె అనే ఏరు ఊరి నడిమధ్య నుంచి మూడు అంచెలుగా 341 మీటర్లు కిందికి దూకుతుంది. అటూ ఇటూ అంతస్తుల మీద అంతస్తులుగా హోటళ్లు. పై వీధిలో నుంచి లోపలికి అడుగుపెడితే మీరున్నది ఐదో అంతస్తు. మెట్లన్నీ దిగి అడుగున తలుపు తీస్తే మరో వీధి. రోడ్ల కంటే ముందు నేను ఆ ఊరి మెట్లు నేర్చుకున్నాను. పనివాళ్ల మెట్లు, బట్టల బుట్టలు మోసే మెట్లు, వంటింటి మెట్లు, చివరికి స్నానాల విభాగానికి దిగే మెట్లు.

చలి బాగా ముదిరిన రోజుల్లో జలపాతం అంచులు గడ్డకట్టేవి. హోరు సన్నబడేది. అప్పుడు ఏళ్ల తరబడి వస్తున్న గెస్టులు రిసెప్షన్‌కు ఫోన్ చేసి, నిద్ర పట్టడం లేదని చెప్పేవారు. కొత్తగా వచ్చినవాళ్లేమో హోరు వినపడని గది కావాలని అడిగేవారు. ఎవరు ఎన్నేళ్ల నుంచి వస్తున్నారో గది అడిగే తీరులోనే తెలిసిపోయేది.

*

రిసెప్షన్‌లో కొన్నాళ్లు, వంటింట్లో కొన్నాళ్లు అయ్యాక నన్ను కింద స్నానాల విభాగంలో వేశారు. అక్కడ పెత్తనమంతా ఒకే ఒక్క మనిషిది. స్నానాల పర్యవేక్షకురాలు అన్న హోదాతోనే అందరూ ఆవిడను ఫ్రావ్ బాడెమైస్టర్ అనేవారు. హోటల్ యజమాని కూడా అలాగే పిలిచేవాడు. పొట్టి మనిషి, తెల్ల కోటు, చెక్క అడుగున్న చెప్పులు. ఆ చెప్పుల టకటక వినపడితే కారిడార్‌లో మాటలు ఆగిపోయేవి.

తెల్లవారక ముందే ఆవిడ పని మొదలయ్యేది. ఊట నుంచి వచ్చే నీళ్లు 44 నుంచి 47 డిగ్రీల వేడి. ఆ వేడిలో మనిషి పడుకోలేడు. పోనీ కొళాయి చన్నీళ్లు కలుపుదామంటే నీటిలో ఉన్న గుణం పలచబడిపోతుంది. అందుకే ఆ ఊటనీటినే కొంత విడిగా చల్లార్చి ఉంచేవారు. తొట్టికి రెండు గొట్టాలు ఉండేవి, ఒకటి వేడిది, ఒకటి చల్లార్చినది. రెండూ అదే నీళ్లు. వాటిని నెమ్మదిగా, చప్పుడు కాకుండా నింపాలి. పైనుంచి ధారగా పోస్తే ఆవిడ ఊరుకునేవారు కాదు. "అలా పోస్తే నీళ్లలో ఉన్నది గాల్లో కలిసిపోతుంది. అప్పుడు గెస్టుకి మిగిలేది వేడినీళ్లే. వేడినీళ్లు వాళ్లింట్లోనూ ఉన్నాయి," అనేవారు.

ఆ నీళ్లలో ఉన్నది రాడాన్ అనే రేడియోధార్మిక వాయువు. 1904లో వియన్నా భౌతిక శాస్త్రవేత్త హైన్‌రిక్ మాహె గాస్టైన్ నీళ్లను పరీక్షించి దీన్ని గుర్తించాడు. రేడియోధార్మికతను కొలిచే ఒక పాత ప్రమాణానికి ఆయన పేరే పెట్టారు. రాడాన్ 3.8 రోజుల్లో సగానికి తగ్గిపోతుంది, కుదిపితే నీటి నుంచి ఇట్టే జారిపోతుంది. అందుకే నింపేటప్పుడు ఎంత నెమ్మదో, పడుకున్నాక కూడా అంతే నెమ్మది. కాళ్లు చేతులు ఆడించకూడదు. ఇరవై నిమిషాలు కదలకుండా ఉండాలి. చిన్న చెక్క చట్రంలో బిగించిన థర్మామీటర్ నీళ్ల మీద తేలుతూ ఉండేది. గోడకు ఇసుక గడియారం ఉండేది.

ఇళ్లలో పోగయ్యే రాడాన్ ఊపిరితిత్తులకు ప్రమాదమని నాకు తర్వాత తెలిసింది. చికిత్సగా దాన్ని వాడటం మీద వైద్యుల్లో వాదన ఈనాటికీ ఉంది. నేను వైద్యుణ్ణి కాను, ఆ వాదనలోకి వెళ్లను. నేను చూసింది చెబుతాను. వెన్నెముక బిగుసుకుపోయే జబ్బుతో, తల తిప్పడానికి మొత్తం ఒళ్లే తిప్పాల్సి వచ్చే మనుషులు మొదటి వారం గోడ పట్టుకుని దిగేవారు. మూడో వారానికి సాక్సు తామే వేసుకునేవారు. అది నీళ్ల వల్లో, విశ్రాంతి వల్లో, ఆవిడ చేతుల వల్లో నేను చెప్పలేను.

స్నానం అయ్యాక ఒళ్లు గట్టిగా తుడవనిచ్చేవారు కాదు. దుప్పటి కప్పి, పైన ఉన్ని కంబళి చుట్టి, పక్క గదిలో మంచం మీద పడుకోబెట్టేవారు. అరగంటకు తక్కువ కాదు. ఆ గదిలో ఏ శబ్దమూ ఉండేది కాదు. వరసగా మంచాలు, ముఖాలు మాత్రమే బయటికి కనపడే మనుషులు. కొందరికి కన్నీళ్లు కారేవి. ఎందుకని నేనొకసారి అడిగితే, "ఏడాదంతా ఎవరూ వాళ్లని ఇలా కప్పి పడుకోబెట్టరు," అన్నారు ఆవిడ.

నీళ్లు వెళ్లే చోటల్లా నల్లటి మెత్తటి పూత పట్టేది. మాంగనీస్ ఎక్కువగా ఉండే మడ్డి అది. రోజూ తొట్లు తోమి ఆ పూత వదిలించడం ట్రైనీల పని. నా చేతులు నల్లబడేవి. ఉత్తరాల్లో అమ్మకు రిసెప్షన్ గురించి, మంచు గురించి రాశాను. తొట్లు తోముతున్నానని మాత్రం రాయలేదు.

ఒకరోజు పని అయ్యాక టీ తాగుతూ మా ఊరి వైపు కూడా వేడినీళ్లు ఊరతాయని ఆవిడకు చెప్పాను. మాది భద్రాచలం ప్రాంతం. గుండాల దగ్గర గోదావరి ఇసుకలో చెలమ తవ్వితే వేడినీళ్లు వస్తాయి. మోకాళ్ల నొప్పులకు మంచిదని అమ్మమ్మను తీసుకెళ్లేవాళ్లం. ఆవిడ కప్పు పక్కన పెట్టేశారు.

"ఇసుకలోనా? తొట్టి లేకుండా?"

"అవును. చేత్తో తోడి పోసుకోవడమే."

"ఎంత వేడి?"

"కొలవలేదు."

"కొలవకుండా పెద్దావిడ మీద పోశారా!" నిజంగానే కోపం వచ్చింది ఆవిడకు. తర్వాత మెల్లగా, "అమ్మమ్మకు నొప్పి తగ్గిందా?" అని అడిగారు. తగ్గిందన్నాను. తలూపి కప్పు తీసుకున్నారు. ఆ తర్వాత నాతో మాట్లాడే పద్ధతి మారింది. వేడినీళ్ల ఊరివాడినని లెక్కలోకి తీసుకున్నట్టున్నారు.

*

ఆవిడ దగ్గర ఒక చెక్క పెట్టె నిండా కార్డులు ఉండేవి. గెస్టు పేరు, డాక్టరు రాసిన వేడి, ఎన్ని స్నానాలు, కర్రతో వచ్చారా లేకుండా వచ్చారా, అన్నీ పెన్సిల్‌తో రాసి ఉండేవి. మూడు వారాల చికిత్స అప్పట్లో మామూలు. చాలామందికి ఆరోగ్య బీమా డబ్బు కట్టేది. ఏటా అదే వారానికి, అదే గదికి, అదే తొట్టికి వచ్చేవారు. ఆవిడ వాళ్లని టైమును బట్టి చెప్పేవారు. ఏడుంబావు డాక్టరుగారు, ఎనిమిది గంటల టీచరమ్మ, ఎనిమిదిన్నర మేస్త్రి.

ఒక ఏడాది ఏడుంబావు డాక్టరుగారు రాలేదు. రాబోరని ఇంటినుంచి ఉత్తరం కూడా వచ్చింది. అయినా ఆయన వారం మొదలైన రోజున ఆవిడ ఆ తొట్టి నింపించారు. ఎవరినీ అందులోకి పంపలేదు. ఇరవై నిమిషాలు అయ్యాక నన్నే నీళ్లు వదిలేయమన్నారు. మరునాటి నుంచి ఆ టైము వేరేవాళ్లకు ఇచ్చారు. కార్డును పెట్టె చివరికి మార్చారు.

దానికి ఆవిడ ఏ వివరణా ఇవ్వలేదు, నేనూ అడగలేదు. హోటల్ పనిలో నేను తర్వాత చాలా దేశాలు తిరిగాను, పెద్ద పెద్ద పేరున్న చోట్ల పనిచేశాను. గెస్టుకు అంతకంటే పెద్ద మర్యాద ఎక్కడా చూడలేదు.

*

మా హోటల్ నుంచి కొంచెం నడిస్తే ష్ట్రౌబింగర్ ప్లాట్స్ అనే చౌకు వస్తుంది. జలపాతం పక్కనే ఉంటుంది. ఊరికి అసలు గుండె అదే. అక్కడే బాడెష్లాస్, అంటే స్నానాల కోట. సాల్జ్‌బర్గ్‌ను ఏలిన ప్రిన్స్ ఆర్చిబిషప్ హియరోనిమస్ కొలొరెడో దాన్ని 1791 నుంచి 1794 మధ్య కట్టించాడు. సంగీతకారుడు మోజార్ట్‌తో పడక, అతను కొలువు వదిలి వెళ్లేదాకా తెచ్చిన కొలొరెడో ఈయనే. తర్వాతి కాలంలో జర్మనీ చక్రవర్తి మొదటి విల్‌హెల్మ్ వేసవిలో స్నానాలకు వచ్చి అందులోనే దిగేవాడు. పక్కనే ష్ట్రౌబింగర్ హోటల్. 1865 ఆగస్టులో ప్రష్యా ప్రధాని బిస్మార్క్ ఆస్ట్రియాతో గాస్టైన్ ఒప్పందం కుదుర్చుకున్నది అక్కడే. ష్లెస్విగ్, హోల్‌స్టైన్ అనే రెండు ప్రాంతాల పాలనను పంచుకున్న ఆ ఒప్పందం ఏడాది కూడా నిలవలేదు, 1866లో యుద్ధమే వచ్చింది. అంతకు చాలా ముందు, 1825 వేసవిలో సంగీతకారుడు షూబర్ట్ ఈ ఊరొచ్చి పియానో సొనాటా ఒకటి రాశాడు.

ఇవన్నీ మా హోటల్ పోర్టరు గెస్టుల పెట్టెలు మోస్తూ చెప్పేవాడు. రైలు గురించి మరీ ఇష్టంగా చెప్పేవాడు. 1905లో చక్రవర్తి ఫ్రాంజ్ జోసెఫ్ వచ్చి లైను ప్రారంభించాడని, 1909లో టవర్న్ సొరంగం పూర్తయ్యాక కొండల అవతలి నుంచి కూడా జనం రావడం మొదలైందని, అదే ఏడాది గ్రాండ్ హోటల్ ద ల్యూరోప్ లేచిందని. ఫ్రావ్ బాడెమైస్టర్‌కు రాజుల కథలు పట్టేవి కాదు. "కైజర్ అయినా ఇరవై నిమిషాలే," అని పని చూసుకునేవారు.

*

నాన్న నేతాజీ అభిమాని. మా ఇంట్లో దేవుడి పటాల పక్కనే ఆయన ఫొటో ఉండేది. నేను ఉంటున్న ఊరి పేరు ఉత్తరంలో చూసి, వెంటనే నాలుగు పేజీలు రాశారు. 1937 డిసెంబరులో సుభాష్ చంద్రబోస్ బాడ్ గాస్టైన్‌లోనే ఉన్నారని, తన ఆత్మకథ అక్కడే రాశారని, ఎమిలీ షెంకెల్ గారు పక్కనే ఉండి సాయం చేశారని. కాంగ్రెస్ అధ్యక్షుడిగా హరిపురాకు వెళ్లడానికి కొద్ది వారాల ముందు సంగతి అది. ఆయన ఆ ఊళ్లో దిగిన ఇల్లు కుర్‌హౌస్ హోక్‌లాండ్. "వీలైతే ఆ ఇల్లు చూసి రా, ఒక ఆకైనా తీసుకురా," అని నాన్న కింద గీత గీసి రాశారు.

ఆదివారం సెలవు దొరికితే కైజర్ విల్‌హెల్మ్ ప్రొమెనాడ్ మీద కోచాఖ్ లోయ వైపు నడిచేవాణ్ణి. దారిలో కనిపించిన ప్రతి పాత ఇంటి పేరూ చదివేవాణ్ణి. ఊళ్లో అడిగితే ఎవరికీ ఆయన గుర్తులేరు. యుద్ధానికి ముందు మహారాజులు వచ్చేవారని, వాళ్లకు వంటవాళ్లు వెంట ఉండేవారని మాత్రం ఒకరిద్దరు ముసలివాళ్లు చెప్పారు. పేరు మోసిన ఐసీఎస్ ఉద్యోగం వదులుకుని, జబ్బుపడ్డ ఒంటితో, పెన్ను పట్టుకుని కూర్చున్న మనిషి ఆ ఊరికి కనిపించి ఉండకపోవచ్చు. నాకు మాత్రం ప్రతి కిటికీ దగ్గర ఆయన కనిపించేవారు. ఆ డిసెంబరు మంచులో మన దేశం గురించి రాస్తూ ఆయన ఏం ఆలోచించి ఉంటారో అని గంటలు గడిపేవాణ్ణి.

నాన్నకు ఒక మేపుల్ ఆకు పంపాను. ఏ ఇంటి దగ్గరిదో రాయలేదు. ఆయన దాన్ని నేతాజీ ఫొటో అద్దం వెనక పెట్టించారు. ఇప్పటికీ అక్కడే ఉంది.

*

డిసెంబరు అయిదో తారీకు సాయంత్రం కింద తొట్లు అన్నీ నిండుగా ఉన్నాయి. విశ్రాంతి గదిలో జనం కంబళ్లలో చుట్టుకుని పడుకున్నారు. ఉన్నట్టుండి పైనుంచి గంటల మోత. పశువుల మెడ గంటల కంటే పెద్దవి, నడుముకు కట్టుకున్నవి. మెట్ల మీద బరువైన అడుగులు. చెక్కతో చెక్కిన ముఖాలు, మేక కొమ్ములు, ఒంటినిండా గొర్రె తోలు, చేతిలో బరికెల కట్ట. క్రాంపస్‌లు. బోనాల్లో పోతురాజు కొరడా తిప్పుతూ వీధిలోకి వస్తే పిల్లలు ఎలా పరుగెత్తుతారో, అచ్చం అలాగే వంటింటి కుర్రాళ్లు నా వెనక్కి వచ్చి దాక్కున్నారు. వాళ్లు ఆ ఊళ్లోనే పుట్టి పెరిగినవాళ్లు!

గాస్టైన్ లోయలో క్రాంపస్‌లు వీధుల్లో ఊరేగడంతో సరిపెట్టరు. బృందాలుగా ఇల్లిల్లూ తిరుగుతారు. ముందు సెయింట్ నికోలస్ వేషం, పక్కన దేవదూత, పిల్లలకు పంచే పండ్లూ మిఠాయిలూ మోసే బుట్టవాడు, వెనక ఈ భయంకరమైన గుంపు. నికోలస్ లోపలికి వచ్చి మంచిమాటలు చెప్పేదాకా క్రాంపస్‌లు గుమ్మంలో ఆగాలి. మా విశ్రాంతి గది గుమ్మంలోనూ ఆగారు. ఫ్రావ్ బాడెమైస్టర్ వాళ్లకు ఎదురుగా నిలబడి, "గంటలు పట్టుకోండి. చప్పుడు వద్దు. ఇక్కడ మనుషులు పడుకున్నారు," అన్నారు.

అంత పెద్ద కొమ్ముల మనుషులు రెండు చేతులతో నడుం గంటలు అదిమి పట్టుకుని, పిల్లుల్లా మంచాల మధ్య నుంచి నడిచి వెళ్లారు. కంబళ్లలో ఉన్నవాళ్లు కదలకూడదు, నవ్వకూడదు. అయినా నవ్వు ఆగలేదు. ఆ రోజు ఒక్కరోజే గదిలో అంత నవ్వు విన్నాను. వెళ్లిపోయాక వాళ్లలో ఒకడు మెట్ల దగ్గర ముసుగు తీసి ఆవిడకు నమస్కారం పెట్టాడు. ఆవిడ మేనల్లుడట.

*

కోర్సు అయిపోయింది. గల్ఫ్, తర్వాత సింగపూర్, తర్వాత ఇండియా. ఆవిడతో క్రిస్మస్ కార్డుల బంధం మిగిలింది. ఆ కార్డుల్లోనే ఊరు మెల్లగా మారిపోవడం చదివాను. జర్మనీలో 1990ల్లో స్నానాల చికిత్సకు బీమా చెల్లింపులు బాగా తగ్గించారు. మూడు వారాల గెస్టులు తగ్గిపోయారు. రెండు మూడు రోజులు వచ్చి స్కీయింగ్ చేసి వెళ్లేవాళ్లు పెరిగారు. మా హోటల్ చేతులు మారింది, స్నానాల విభాగం మూసేశారు. "తొట్లు తీసేశారు. కార్డుల పెట్టె నేను ఇంటికి తెచ్చుకున్నాను," అని ఒక ఏడాది రాశారు. అంతే, ఇంకేమీ లేదు ఆ కార్డులో.

మధ్యలో ఒకసారి కాన్ఫరెన్స్ పని మీద వియన్నా వెళ్లినప్పుడు బాడ్ గాస్టైన్ వెళ్లి చూశాను. చూడకుండా ఉంటే బాగుండేది. ష్ట్రౌబింగర్ ప్లాట్స్‌లో కిటికీలకు చెక్కలు కొట్టేశారు. చౌకులోని ఆ చారిత్రక కట్టడాలను ప్రైవేటు యజమానులు కొని, ఏళ్లకేళ్లు అలా వదిలేశారు. బాడెష్లాస్ గోడల మీద చెమ్మ పాకింది, సున్నం ఊడిపోయి రాయి బయటపడింది. పక్కనే 1974లో గెర్‌హార్డ్ గార్‌స్టెనావర్ అనే ఆర్కిటెక్ట్ కట్టిన సమావేశాల భవనం కూడా ఖాళీ. ఆయనే 1968లో కొండరాయిని తొలిచి కట్టిన ఫెల్సెన్‌బాడ్ అనే స్నానాల భవనం మాత్రం నడుస్తోంది. జలపాతం అలాగే హోరెత్తుతోంది. దాని పక్కన దీపం వెలగని హోటళ్లు. నాకు చాలా కోపం వచ్చింది. కొనుక్కున్నవాడికి ఆ గోడల మీద హక్కు ఉండొచ్చు. వాటిని ఊరి నడిమధ్య కుళ్లబెట్టే హక్కు ఎవరిచ్చారు?

ఆ రోజు ఫ్రావ్ బాడెమైస్టర్ ఇంటికి వెళ్లాను. పెట్టె చూపించారు. కార్డులు తిరగేస్తూ ఒక్కొక్కరినీ టైముతో గుర్తుచేసుకున్నాం. బాడెష్లాస్ మాట ఎత్తితే, "గోడలు నిలబడే ఉన్నాయి కదా," అన్నారు. నాకు అంత ఓపిక లేకపోయింది.

2017లో సాల్జ్‌బర్గ్ రాష్ట్ర ప్రభుత్వం ఆ చౌకులోని కట్టడాలను కొనేసింది. తర్వాత మ్యూనిక్‌కు చెందిన హిర్మర్ సంస్థ చేతికి వచ్చాయి. 2023లో ష్ట్రౌబింగర్, బాడెష్లాస్ రెండూ హోటళ్లుగా మళ్లీ తెరుచుకున్నాయి.

*

మెసేజ్ వచ్చిన కొన్ని నెలలకు నేనూ మా ఆవిడా బయల్దేరాం. ముందు సమాధుల తోటకు వెళ్లి పూలు పెట్టాం. తర్వాత బాడెష్లాస్‌లో గది తీసుకున్నాం.

పాత కట్టడాన్ని నిలబెట్టి, దాని వెనక కొండలోకి కొత్తగా ఎత్తయిన భవనం లేపారు. స్పా, కొలను పైన ఉన్నాయి. కిందికి దిగి స్నానం చేయడం నాకు అలవాటు. ఇప్పుడు స్నానానికి లిఫ్టులో పైకి వెళ్లాలి. మా కాలంలో నేలమాళిగలో కిటికీలే ఉండేవి కావు. ఇక్కడ మెడదాకా నీళ్లలో ఉంటే ఎదురుగా లోయ మొత్తం కనపడుతుంది. చల్లగాలి ముఖానికి తగులుతుంది. మా ఆవిడకు ఎంత నచ్చిందంటే గంటసేపు బయటికి రాలేదు. నేనూ కాదనను. ఆ అందం మా రోజుల్లో ఎవరికీ దక్కలేదు, మంచం మీంచి మాకు కనపడింది పైకప్పే.

జనం యువకులే ఎక్కువ. శుక్రవారం వచ్చి ఆదివారం వెళ్లిపోతారు. నీళ్లలో ఈదుతారు, కబుర్లు చెప్పుకుంటారు, ఫొటోలు తీసుకుంటారు. సంతోషంగా ఉన్నారు. చీకటి కిటికీలు చూసినవాణ్ణి కాబట్టి ఆ చౌకులో మళ్లీ దీపాలు, కాఫీ కప్పుల చప్పుడు, పెట్టెల చక్రాల శబ్దం వింటుంటే నా మనసు నిండిపోయింది. కట్టడం బతికింది. దాన్ని బతికించినవాళ్లకు దండం పెట్టాలి.

కానీ ఒకటి మాత్రం పోయింది, అది డబ్బుతో తిరిగి రాదు. మూడు వారాల కాలం పోయింది. ఒక మనిషి ఏటా అదే వారం వచ్చి, అదే తొట్టిలో పడుకుని, తన ఒంటి సంగతి తెలిసిన ఇంకో మనిషి చేతుల్లో ఉండటం పోయింది. చికిత్స కావలసినవాళ్లు ఇప్పటికీ వస్తున్నారు. డాక్టరు రాస్తే ఊళ్లో తొట్టి స్నానాలు దొరుకుతాయి. పక్కనున్న బోక్‌స్టైన్‌లో పాత బంగారు గని సొరంగంలోకి చిన్న రైలులో తీసుకెళ్లి, 37 నుంచి 41 డిగ్రీల వేడిలో పడుకోబెట్టే చికిత్స కూడా నడుస్తోంది. 1940ల్లో అక్కడ బంగారం కోసం తవ్వినవాళ్లకు బంగారం సరిగా దొరకలేదు, కీళ్ల నొప్పులు మాత్రం తగ్గాయట. అలా మొదలైంది. అయితే ఏడుంబావు డాక్టరుగారి కోసం తొట్టి నింపి ఉంచే మనిషి ఎక్కడుంటారు?

రెండో రోజు ఉదయం, కొలను దగ్గర తువ్వాళ్లు సర్దుతున్న ఒక కుర్రాడితో మాట కలిసింది. నేపాల్ నుంచి వచ్చాడట. పొఖారా దగ్గర వాళ్ల ఊరి పక్కనా వేడినీటి కుండాలు ఉన్నాయన్నాడు. నేను ఇదే ఊళ్లో తొట్లు తోమానంటే నమ్మలేదు. హోటల్ కాగితం ఒకటి తెచ్చి, అప్పుడు ఎలా చేసేవారో రాసివ్వమన్నాడు. డ్యూటీ అయ్యాక కింద కాఫీ దగ్గర కూర్చున్నాం. ఇంగ్లీషులో రాస్తూ చెప్పాను. రెండు గొట్టాలూ ఒకే ఊటవి అయి ఉండాలి. నెమ్మదిగా నింపాలి, ధార కట్టకూడదు. ముందు మోచేతితో చూడాలి, తర్వాత థర్మామీటరు. మనిషి లోపలికి దిగేటప్పుడు భుజం కింద చెయ్యి వేయాలి, చంక కింద కాదు. మాట్లాడించకూడదు. లేచాక రుద్దకూడదు, అద్దాలి. పాదాలు ముందు కప్పాలి.

"పెద్దవాళ్లకి ఎంత వేడి పెట్టాలి?" అని అడిగాడు.

డాక్టరు రాసినదే పెట్టాలన్నాను. ఫ్రావ్ బాడెమైస్టర్ మాత్రం డెబ్బై దాటినవాళ్లకు మొదటి రోజు ఒక డిగ్రీ తగ్గించడానికి డాక్టరుకు ఫోన్ చేసి పర్మిషన్ అడిగేవారని, ఆయన ఎప్పుడూ కాదనలేదని చెప్పాను. అతను అది కూడా రాసుకున్నాడు.